దోహా: ముత్యాల నుంచి మొదలుపెట్టి చూడాల్సిన ఊరు

(జిల్లా గ్రంథాలయ సమావేశ మందిరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ హాల్లో కూర్చున్న వాళ్లలో చాలామందికి గల్ఫ్‌లో తమవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. కొడుకో, అల్లుడో, తమ్ముడో, పక్కింటి పిల్లవాడో. ఒకప్పుడు గల్ఫ్ అంటే పనికి పోవడం ఒక్కటే. ఇప్పుడు ఇంకో రకం ప్రయాణం కూడా మొదలైంది. అక్కడ మంచి ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు అమ్మానాన్నల్ని విజిట్ వీసా మీద పిలిపించుకుని, ఒక నెలో రెండు నెలలో దగ్గర పెట్టుకుంటున్నారు. వచ్చాక ఏం చూశారని అడిగితే మాల్ చూశాం, ఎత్తు బిల్డింగులు చూశాం, సముద్రం ఒడ్డున నడిచాం అంటారు. అవి చూడొద్దని నేను అనను. కానీ ఖతార్ రాజధాని దోహా వరకు పోయి అవి మాత్రమే చూసి వస్తే నాకు మనసులో కష్టంగా ఉంటుంది. అందుకే ఇవాళ ఆ ఒక్క ఊరి గురించే మాట్లాడతాను.

దోహా డబ్బు చమురుతో, గ్యాస్‌తో వచ్చిందని అందరికీ తెలుసు. అంతకుముందు ఆ తీరం ముత్యాల మీద బతికింది. ముత్యాల కోసం నీళ్లలో మునిగిన మనుషుల ఊపిరి మీద బతికింది. ఆ కష్టాన్ని, అందులో ఉన్న అప్పును, బానిసత్వాన్ని కూడా ఆ ఊరు తన మ్యూజియంలలో పెట్టుకుంది. ముందు దాన్ని చూసి, తర్వాత అద్దాల భవనాలు చూడండి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఎలా చూడాలన్నదే.

ముత్యాల సంగతి మనకేం కొత్త కాదు. పత్తర్‌గట్టి దుకాణాల్లో పాత వ్యాపారులు ఇప్పటికీ బస్రా ముత్యాలంటే గొంతు మార్చి మాట్లాడతారు. ఇరాక్‌లోని బస్రా రేవు పేరు మీద అమ్ముడుపోయినా, అవి పుట్టింది బహ్రెయిన్, ఖతార్, కువైట్ తీరాల్లోని ఆల్చిప్పల్లో. హైదరాబాద్ దగ్గర చందన్‌పేట అనే పల్లె ముత్యాలకు రంధ్రాలు వేసే పనికి పేరు మోసింది. ముత్యం పగలకుండా సన్నటి రంధ్రం వేయడం తరతరాలుగా చేతికి పట్టుబడిన విద్య. గల్ఫ్ ముత్యాలకు పెద్ద బజారు బొంబాయి. అరబ్ వ్యాపారులు సరుకు తీసుకుని అక్కడికే వచ్చేవాళ్లు. అక్కడి నుంచి కొన్ని నిజాం ఖజానాకు, కొన్ని ప్యారిస్ నగల దుకాణాలకు పోయేవి. అంటే మన చార్మినార్ బజారుకూ దోహా రేవుకూ చుట్టరికం విమానాలు రాకముందు నుంచే ఉంది.

ఆ ముత్యం ఎలా పైకి వచ్చేదో వినండి. జూన్ ప్రాంతంలో పడవలు బయల్దేరేవి. దగ్గర దగ్గర నాలుగు నెలలు, సెప్టెంబరు దాకా, సముద్రం మీదే. పడవకు పెద్ద నాఖుదా. మునిగేవాడు, అతన్ని తాడుతో పైకి లాగేవాడు, ఇద్దరూ జంట. మునిగేవాడు ముక్కుకు తాబేటి చిప్పతోనో ఎముకతోనో చేసిన క్లిప్పు పెట్టుకుంటాడు. వేళ్లకు తోలు తొడుగులు, మెడలో వలబుట్ట. కాలి దగ్గర రాయి కట్టిన తాడు ఉంటుంది. ఆ రాయి బరువుతో సర్రున అడుగుకు దిగుతాడు. ఊపిరి బిగబట్టి నిమిషం, మహా అయితే నిమిషంన్నర. చేతికందిన ఆల్చిప్పలు బుట్టలో వేసుకుని తాడు గుంజుతాడు. పైనున్నవాడు లాగుతాడు. కాస్త తేరుకుని మళ్లీ దిగాలి. రోజుకు పదుల సార్లు ఇదే పని. తిండి చూస్తే కాసిని ఖర్జూరాలు, కొంచెం అన్నం, చేప. చెవులు దెబ్బతినేవి, ఉప్పునీళ్లకు కళ్లు పాడయ్యేవి. పని తాళానికి పాడటానికి పడవలో ఒక పాటగాడిని ప్రత్యేకంగా పెట్టుకునేవాళ్లు. ఇంత చేస్తే, వందల చిప్పలు తెరిచాక ఒక మంచి ముత్యం దొరికితే దొరికినట్టు.

ఇక లెక్క. సీజన్‌కు ముందు నాఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఇంట్లో తిండికి ఇచ్చి పడవ ఎక్కేవాళ్లు. సీజన్ అయ్యాక లెక్క చూస్తే అప్పు తీరేది కాదు. అది వచ్చే ఏడాదికి పోయేది. తండ్రి చనిపోతే కొడుకు నెత్తిన పడేది. నాఖుదా కూడా తన పైనున్న వ్యాపారికి బాకీనే. మన పల్లెల్లో దొర దగ్గర జీతగాళ్లుగా బతికిన తాతల సంగతి విన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదంతా మనసులో పెట్టుకుని నేషనల్ మ్యూజియానికి వెళ్లండి. 2019 మార్చిలో తెరిచారు. ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ కట్టాడు. ఆ ఎడారి ఉప్పునేలల్లో ఇసుక అడుగున జిప్సం స్ఫటికాలు గులాబీ రేకుల మాదిరి పేరుకుంటాయి. ఆ ఆకారాన్నే భవనం చేశాడు. పెద్ద పెద్ద పళ్లేలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వాలి ఉన్నట్టుంటుంది. ఎక్కడా నిటారు గోడ కనపడదు. ఆ కొత్త భవనం మధ్యలో షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ కాలం నాటి పాత కోట అలాగే నిలబెట్టారు. లోపల దారి సుమారు కిలోమీటరున్నర. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తొందరపడకండి, మధ్యలో కూర్చునే చోట్లు ఉన్నాయి. గోడల మీద సినిమాలు నడుస్తుంటాయి, అక్కడ ఆగి చూడండి. నేలపొరలు, చేపలు, ఒంటెలు, డేరాల జీవితం, తర్వాత ముత్యాలు, ఆ తర్వాత చమురు. ఈ వరుసలోనే నడిపిస్తారు.

ముత్యాల గదిలో మన దేశపు వస్తువు ఒకటుంది. బరోడా ముత్యాల తివాచీ. 1865 ప్రాంతంలో బరోడా మహారాజు ఖండేరావ్ గైక్వాడ్ చేయించాడు. పట్టు మీద పదిహేను లక్షలకు పైగా చిన్న చిన్న గల్ఫ్ ముత్యాలు కుట్టారు. నడుమ వజ్రాలు, కెంపులు, పచ్చలు, నీలాలు. మదీనాలో ప్రవక్త సమాధికి సమర్పించాలని ఆ హిందూ రాజు చేయించాడని చెబుతారు. 1870లో ఆయన పోయాడు, తివాచీ బరోడాలోనే ఉండిపోయింది. తర్వాత దేశాలు దాటి, 2009లో దోహాలో జరిగిన వేలానికి వచ్చి, చివరికి ఈ మ్యూజియానికి చేరింది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. పదిహేను లక్షల ముత్యాలంటే ఎన్ని ఆల్చిప్పలు, ఎన్ని మునకలు! గల్ఫ్ అడుగు నుంచి పైకి లేచి, బొంబాయి బజారు దాటి, బరోడా పనివాళ్ల సూదికి ఎక్కి, మళ్లీ తాము పుట్టిన నీళ్ల ఒడ్డుకే వచ్చాయి. దోహాలో ఒక్క వస్తువే చూసే సమయం ఉంటే ఇది చూడండి అంటాను.

ఈ ముత్యాల బతుకు ఎలా కూలిందో కూడా తెలియాలి. జపాన్‌లో మికిమోటో అనే వ్యాపారి పెంపకపు ముత్యాలు తయారు చేశాడు. 1920ల్లో గుండ్రని పెంపకపు ముత్యాలు చవగ్గా ప్రపంచ బజారులోకి వచ్చాయి. 1929లో ఆర్థికమాంద్యం వచ్చి ప్యారిస్, న్యూయార్క్‌లలో కొనేవాళ్లే లేకుండా పోయారు. ఖతార్‌కు వేరే ఆదాయం లేదు. జనం వలస పోయారు, ఆకలితో అల్లాడారు. దుఖాన్‌లో చమురు 1939 ప్రాంతంలో కనపడింది కానీ రెండో ప్రపంచ యుద్ధం వల్ల బావులు పూడ్చేశారు. మొదటి ఓడ చమురుతో బయల్దేరింది 1949 చివర్లో. ఆ మధ్య కాలాన్ని అక్కడి పెద్దలు కరువు ఏళ్లుగానే గుర్తుపెట్టుకున్నారు. అక్కడ అప్పటికి చలామణిలో ఉన్నది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేక నోట్లు ముద్రించింది. 1966లో మనం రూపాయి విలువ తగ్గించాక వాళ్లు దాన్ని వదిలి, దుబాయ్‌తో కలిసి తెచ్చుకున్న రియాల్‌కు మారారు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇక్కడే ఇంకో మాట. బ్రిటిష్ వాళ్ల కాలంలో గల్ఫ్ వ్యవహారాలన్నీ ఇండియా సర్కారు కిందే నడిచేవి. ఆ ఉత్తరాలు, రిపోర్టులు, మ్యాపులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీతో కలిసి ఖతార్ నేషనల్ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది. ఖతార్ డిజిటల్ లైబ్రరీ అని వెతికితే ఇంటి దగ్గర కూర్చుని ఉచితంగా చదవచ్చు. లైబ్రరీ భవనం కూడా చూసి తీరాలి. డచ్ ఆర్కిటెక్ట్ రెమ్ కూల్‌హాస్ కట్టాడు. మొత్తం ఒకే పెద్ద హాలు, మెట్లు మెట్లుగా పుస్తకాల అరలు, నడుమ తవ్వకాల గుంట మాదిరి కిందికి దిగిన చోట పాత రాతప్రతులు. గ్రంథాలయంలో నిలబడి ఈ సంగతి చెప్పడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటికి వస్తాను. ముషైరిబ్ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో నాలుగు పాత ఇళ్లను బాగుచేసి 2015లో మ్యూజియంలు చేశారు. టికెట్ లేదు. ఒక ఇల్లు పాత కుటుంబ జీవితం చూపిస్తుంది. వాకిలి, బావి, వంట సామాను, తర్వాత కరెంటు రావడం. ఇంకోటి ఆ పేట ఎలా మారిందో చెబుతుంది. ఆ రెండూ త్వరగానే అయిపోతాయి. మిగతా రెండింటికి సమయం ఉంచుకోండి.

బిన్ జెల్‌మూద్ హౌస్ బానిసత్వం గురించిన మ్యూజియం. హిందూ మహాసముద్రం చుట్టూ మనుషుల్ని ఎలా అమ్మారో, తూర్పు ఆఫ్రికా నుంచి పిల్లల్ని ఎలా ఎత్తుకొచ్చారో, వాళ్లలో ఎంతమంది ముత్యాల పడవల మీద, ఖర్జూర తోటల్లో, ఇళ్లలో పనిచేశారో చూపిస్తారు. బానిస మునిగి తెచ్చిన ముత్యం మీద వచ్చిన వాటా యజమానికి పోయేది. చమురు వచ్చాక కూడా కంపెనీలో పనిచేసే బానిసల జీతంలో పెద్ద వాటా యజమానులే తీసుకునేవాళ్లు. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. ఆ తేదీ చదివి నేను అక్కడే ఆగిపోయాను. మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రెండేళ్ల తర్వాత! అక్కడున్న వృద్ధుల్లో చిన్నప్పుడు దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఉంటారు. అంత దగ్గరి గాయాన్ని ఒక దేశం తన రాజధాని నడిబొడ్డున మ్యూజియం చేసి పెట్టడం మామూలు విషయం కాదు. ఇవాళ్టి మనుషుల అక్రమ రవాణా గురించి, అప్పు పేరుతో కట్టేసుకునే పని గురించి కూడా అక్కడ ఉంది. వెట్టిచాకిరీ చూసిన నేల నుంచి వెళ్లినవాళ్లకు అది పరాయి చరిత్ర అనిపించదు.

పక్కనే కంపెనీ హౌస్. ఖతార్ మొదటి చమురు కంపెనీ ఆఫీసు ఒకప్పుడు ఆ ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు అక్కడ షేకుల కథ కాక పనివాళ్ల కథ ఉంది. ముత్యాల పని పోయి తిండిలేక చమురు బావుల దగ్గరికి కాలినడకన పోయినవాళ్లు, ఎండలో గొట్టాలు మోసినవాళ్లు, పని దెబ్బలు తిన్నవాళ్లు. వాళ్ల విగ్రహాలు, వాళ్ల మాటలు. తాతల తరంలో ఖతారీలు తామే కూలీలుగా బతికారని ఆ ఇల్లు చెబుతుంది.

ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం గురించి ఎవరైనా చెబుతారు కాబట్టి తొందరగా దాటుతాను. 2008లో తెరిచారు. ఐ.ఎం. పే అనే ఆర్కిటెక్ట్ తొంభై ఏళ్లు దాటిన వయసులో పూర్తి చేసిన పని. రేపు పక్కన ఏ భవనం లేచినా దీన్ని మూసేయకూడదని సముద్రంలో దీనికోసమే ఒక దీవి వేయించుకున్నాడు. కైరోలోని ఇబ్న్ తులూన్ మసీదు నడుమ ఉన్న వజూ మంటపం, అంటే నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే చోటు, చూసి ఈ రూపం పట్టుకున్నాడు. లోపల వెతకాల్సిన వస్తువు ఒకటి చెబుతాను, షాజహాన్ జేడ్ రాయి తాయెత్తు. దాని మీద ఉన్న హిజ్రీ సంవత్సరం మన లెక్కలో 1631-32. ముంతాజ్ చనిపోయిన కాలం. గుండె దిటవు కోసం వేసుకునే రకం తాయెత్తు అది. తాజ్‌మహల్ అంత పెద్దది కాబట్టి అందరికీ కనపడుతుంది. అదే దుఃఖం అరచేతిలో పట్టేంత రాయిలో కూడా ఉంది.

బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లు ఎడ్యుకేషన్ సిటీలో ఎం.ఎఫ్. హుస్సేన్ మ్యూజియం చూడండి. 2025 నవంబరులో తెరిచారు. హైదరాబాద్‌లో సినిమా ఘర్ పెట్టిన మనిషి ఆయన. 2006లో దేశం విడిచాడు, 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు, మరుసటి ఏడాది లండన్‌లో పోయాడు. తాను గీసిన ఒక స్కెచ్ ఆధారంగానే ఆ భవనం కట్టారు. అంత పెద్ద చిత్రకారుడి చివరి పెద్ద పని చూడటానికి మనం ఇంకో దేశం పోవాల్సి రావడం నాకు బాధే.

ఎడారి సంగతి. దోహాకు పడమటి దిక్కున, జెక్రీత్ దాటాక, రిచర్డ్ సెర్రా అనే అమెరికన్ శిల్పి 2014లో నాలుగు ఉక్కు పలకలు నిలబెట్టాడు. కిలోమీటరు దాటిన దూరంలో, ఒకదాని వెనక ఒకటి. ఒక్కోటి పధ్నాలుగు మీటర్లకు పైనే ఎత్తు. నేల ఎక్కడ పల్లమో ఎక్కడ మిట్టో లెక్క చూసి, పై అంచులు అన్నీ ఒకే మట్టానికి వచ్చేలా పెట్టాడు. చుట్టూ ఇంకేమీ ఉండదు. దారి సరిగా లేదు, పెద్ద టైర్ల బండి, తెలిసిన డ్రైవరు కావాలి. ఉత్తరాన జుబారా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వెలిగిన పట్నం, 1811లో తగలబడింది, తర్వాత మెల్లగా ఖాళీ అయింది. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడ చూడటానికి పునాది గోడలే ఎక్కువ. చరిత్ర ఇష్టం లేనివాళ్లను తీసుకెళ్తే విసుగుపడతారు. దక్షిణాన ఇసుక దిబ్బల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చే చోటు ఉంది, పిల్లలతో వెళ్తే అది బాగుంటుంది.

ఎప్పుడు వెళ్లాలంటే నవంబరు నుంచి మార్చి లోపు. ఎండాకాలంలో వెళ్లకండి. జూన్ నుంచి సెప్టెంబరు నడుమ వరకు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే రూలు పెట్టిందంటే ఆ ఎండ ఎలాంటిదో అర్థం చేసుకోండి.

సాయంత్రాలకు సూఖ్ వాఖిఫ్. పాత బజారు. మసాలా దినుసులు, బుట్టలు, డేగలు అమ్మే దుకాణాలు. డేగలకు ఆసుపత్రి కూడా ఉంది అక్కడ. చేతిలో కరక్ చాయ్ గ్లాసు పట్టుకుని నడవండి. యాలకులు వేసి చిక్కగా మరిగించిన పాల టీ అది, మన దేశం వాళ్లతో అక్కడికి చేరిన అలవాటు. భోజనానికి మజ్‌బూస్ తినండి, మన బిర్యానీకి దగ్గరి చుట్టం. హరీస్ దొరికితే వదలకండి. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి మెదిపిన వంట. నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో స్థిరపడ్డ యెమన్ అరబ్బులు తెచ్చిన ఆ వంటే, మసాలా, పప్పులు చేరి, హైదరాబాద్ హలీం అయింది. హరీస్ చప్పగా ఉందని పక్కన పెట్టకుండా నాలుగు ముద్దలు తినండి, గోధుమ రుచి అప్పుడు తెలుస్తుంది. శాకాహారులకు ఇబ్బంది లేదు, పప్పు, హుమ్ముస్ అనే శనగల ముద్ద, రొట్టెలు అన్నిచోట్లా ఉంటాయి. అయ్యాక ఒడ్డున చెక్క పడవ ఎక్కి ఒక చుట్టు తిరగండి. ఆ రకం పడవలకు టేకు మలబారు నుంచి పోయేది. కేరళలో బేపూర్ వడ్రంగులు ఇప్పటికీ కడుతున్నారు.

చివరగా మన పిల్లల మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి పోయిన ఎందరో ఆ నగరంలో పనిచేస్తున్నారు. మీరు చూసే రోడ్డు, మెట్రో, స్టేడియం, మ్యూజియం, అన్నిట్లో వాళ్ల చెమట ఉంది. వాళ్లుండేది ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో, ఊరికి దూరంగా. 2020లో చట్టాలు మారాయి. కనీస జీతం వెయ్యి రియాల్ అని, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చని చెప్పారు. అది మంచి మార్పు. అయినా వీసా కోసం ఇక్కడే ఏజెంటుకు చేసిన అప్పు నెత్తిన పెట్టుకుని పోయే పిల్లవాడి కష్టం ఆ చట్టంతో తీరదు. నాఖుదా దగ్గర అడ్వాన్సు తీసుకుని పడవ ఎక్కిన మనిషికీ ఇతనికీ తేడా ఎంత అని ఆ మ్యూజియంలో నడుస్తున్నంతసేపూ నాకు అనిపించింది.

నేను అక్కడ మాట్లాడిన మన కుర్రాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఉంటూ కూడా ఒక్క మ్యూజియం చూడలేదు. మనల్ని లోపలికి రానిస్తారా అని అడిగారు. రానిస్తారు. ఖతార్ ఐడీ ఉన్న ఎవరికైనా నేషనల్ మ్యూజియంలో, ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియంలో టికెట్ లేదు. ఇంజనీరు చేతిలోని ఐడీ అయినా, క్లీనింగ్ పని మనిషి చేతిలోని ఐడీ అయినా ఒకటే. మెట్రోకు రెండు రియాల్, రోజంతా తిరిగితే ఆరు. నేషనల్ మ్యూజియానికి, సూఖ్ వాఖిఫ్‌కు గోల్డ్ లైన్‌లో స్టేషన్లున్నాయి, లైబ్రరీకి గ్రీన్ లైన్‌లో ఉంది. శుక్రవారం సెలవు రోజున మ్యూజియంలు పొద్దున మూసి, మధ్యాహ్నం నమాజు అయ్యాక తెరుస్తారు. మీరు వెళ్లినప్పుడు మీ ఊరి పిల్లవాడికి ముందు ఫోన్ చేయండి. ముషైరిబ్ స్టేషన్ దగ్గర కలుద్దామని చెప్పి వెంట తీసుకెళ్లండి. కంపెనీ హౌస్‌లో రాసినవి ఇంగ్లీషులో, అరబిక్‌లో ఉంటాయి. చదవడం రానివాళ్లకు మీరు పక్కన నిలబడి తెలుగులో చెప్పండి.

మెట్రో దారులు, ఏ స్టేషన్‌లో దిగితే ఏ మ్యూజియమో తెలుగులో రాసి జిరాక్స్ తీయించి తెచ్చాను. ఆ బల్ల మీద ఉన్నాయి, ఇంటికొకటి తీసుకోండి. ఫోటో తీసి మీ ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.